స్వీట్ బాక్సుతో చదువు తోడు: మొహం మార్చే బుల్లి రోబో ఇంట్లో చేసుకోవడం, దాంతో పిల్లల్ని కూర్చోబెట్టడం

మా పాపకి వ, మ, య ఈ మూడూ పక్కపక్కన పెడితే అన్నీ ఒకటే. ఒకటో తరగతి, ఇంగ్లీష్ మీడియం, ఇంట్లో నేను తెలుగు పుస్తకం తీస్తే చాలు "నాన్నా నువ్వు అరుస్తావు" అని ముందే కళ్ళల్లో నీళ్ళు. నేను అరవను అని చెప్పాలనుంది కానీ అరుస్తాను, నిజం. ఆ టైంలో పిల్లలకి చదువు చెప్పే రోబోల గురించి చదవడం మొదలుపెట్టా, కొందామనుకున్నా, రేటు చూసి ఆగా, తర్వాత రేటు కాదు అసలు సంగతి వేరే అని అర్థమైంది, చివరికి కిలో స్వీట్ బాక్సుతో నేనే ఒకటి చేశా. దానికి పాప పెట్టిన పేరు డబ్బాగాడు. ఎలా చేశానో, ఎలా వాడుతున్నామో, ఎక్కడ బోల్తా పడ్డానో రాస్తున్నా. సాఫ్ట్‌వేర్ వాళ్ళే అయ్యుండక్కర్లేదు, రెండు ఆదివారాలు చాలు.

ముందు అసలు సంగతి. రోబోని టీచర్ని చేయొద్దు, స్టూడెంట్‌ని చేయండి. మొహంలో సంతోషం, అయోమయం చూపించే రోబో టీచర్ కుర్చీలో కూర్చుంటే పిల్లకి అది ఇంకో పెద్దమనిషి, తప్పు చెప్తే ఏం మొహం పెడుతుందో అని చూస్తుంటుంది. అదే రోబో పిల్ల దగ్గర నేర్చుకునేదైతే ఆ అయోమయం దానిది, తప్పు దానిది, దిద్దే పెత్తనం పిల్లది. స్విట్జర్లాండ్ లోజాన్‌లో ఈపీఎఫ్ఎల్ అనే యూనివర్సిటీ వాళ్ళు కోరైటర్ అని ఒక ప్రాజెక్టు చేశారు, అందులో నావో అనే రోబో కావాలనే కోడిగీతల్లా రాస్తుంది, చేతిరాత బాగాలేని పిల్లలు కూర్చుని దానికి నేర్పిస్తారు. తన రాతని ఎవరైనా తిడితే పుస్తకం మూసేసే పిల్లాడు ఇక్కడ గురువుగారు.

మొహాలు ఎన్ని పెట్టాలి, ఎంత కదలాలి అనేది రెండో సంగతి. ఎక్కువైతే చెడుతుంది, ఇది నా మాట కాదు. 2015లో అచ్చైన ఒక పరిశోధనలో ఇంగ్లండ్ ప్లిమత్ యూనివర్సిటీ వాళ్ళు పిల్లలకి ప్రైమ్ నంబర్లు నేర్పే రోబోని రెండు రకాలుగా పెట్టి చూశారు, ఒకటి బాగా కలివిడిగా ఉండేది, ఇంకోటి ముభావంగా ఉండేది. కలివిడి రోబో దగ్గర పిల్లలు తక్కువ నేర్చుకున్నారు, దృష్టంతా దాని చేష్టల మీదకే పోయుంటుందని వాళ్ళ అనుమానం. అలాగని మొహం, గొంతు దండగ అనుకోవద్దు. 2017లో అచ్చైన ఇంకో దాంట్లో అమెరికా ఎంఐటీ యూనివర్సిటీ వాళ్ళు టేగా అనే బొచ్చుబొమ్మ రోబోతో 45 మంది చిన్నపిల్లలకి కథ చెప్పించారు, కొందరికి భావం పలికే గొంతుతో, కొందరికి ఉప్పూకారం లేని గొంతుతో. కొత్త మాటలు గుర్తుపట్టడంలో అప్పటికప్పుడు పెద్ద తేడా లేదు గానీ కొన్ని వారాల తర్వాత కథ మళ్ళీ చెప్పమంటే మొదటి రకం పిల్లలకే కథ ఎక్కువ గుర్తుంది. అంటే భావం కావాలి, కథకి కావాల్సిన చోట కావాలి, ఊరికే తైతక్కలాడితే లాభం లేదు.

నాకు బాగా నచ్చింది జపాన్ కొజీమా గారి కీపాన్. పసుపు రంగు, రెండు ముద్దలు ఒకదానిమీద ఒకటి పెట్టినట్టుంటుంది, 12 సెంటీమీటర్లు, రెండు కళ్ళు ఒక ముక్కు అంతే, నోరు కూడా లేదు. అది చేసేవి రెండే రెండు పనులు. ఒకటి దేన్నో చూడటం, రెండోది ఊగి ఎగిరి తన మనసు చూపించడం. ఆటిజం ఉన్న పిల్లలు కూడా దాంతో కలిసిపోయారు, చాలాసార్లు వెనకనుంచి మనిషే దాన్ని నడిపించేవాడు. మన డబ్బాగాడు కూడా అంతే, చూడటానికి ఒక మోటరు, మనసు చూపించడానికి ఒక మోటరు, వెనకనుంచి నడిపేది మీరు.

పిల్లల్ని మోసం చేస్తున్నట్టు కాదా అని మా ఆవిడ అడిగింది. తోలుబొమ్మలాటలో తెర వెనక మనిషున్నాడని ఊరందరికీ తెలుసు, అయినా కేతిగాడు వస్తే నవ్వు ఆగుతుందా. నేనైతే రెండో వారంలోనే రిమోట్ చూపించేశా, పాప ఒక్క నిమిషం చూసి "సరేలే, ఇప్పుడు డబ్బాగాడికి ఫ చెప్తా" అని మళ్ళీ మొదలెట్టింది.

కావాల్సినవి

మైక్రోబిట్ అని అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డులు రెండు, వీ2 అంటే రెండో వెర్షన్ అయితేనే తీసుకోండి, దానికి స్పీకరూ, పైన టచ్ లోగో ఉంటాయి, పాత దానికి ఉండవు. ఎస్‌జీ90 అని చిన్న నీలం సర్వో మోటర్లు రెండు, సర్వో అంటే చెప్పిన కోణానికి తిరిగి ఆగే మోటరు. మూడు డబుల్ ఏ సెల్స్ పట్టే హోల్డర్ ఒకటి సర్వోలకి, రెండేసి ట్రిపుల్ ఏ సెల్స్ పట్టే హోల్డర్లు రెండు, బోర్డుకొకటి. మొసలి క్లిప్పుల వైర్లు, జంపర్ వైర్లు, గ్లూ గన్, అట్ట, స్వీట్ బాక్సు. హైదరాబాద్ వాళ్ళైతే కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క పూటలో అన్నీ దొరుకుతాయి, మిగతావాళ్ళు ఆన్‌లైన్. నాకు మొత్తం ఐదు వేల లోపే అయింది, అందులో బోర్డులదే ఎక్కువ.

బాక్సు మూత మీద బోర్డు పట్టేంత కిటికీ కోసి బోర్డుని లోపల్నుంచి అతికించండి, 25 చుక్కల ఆ డిస్‌ప్లేనే మొహం. దూరంనుంచి చిన్నగా కనపడుతుంది కాబట్టి మొహంకన్నా చెవులే ముఖ్యం, అట్టతో కుందేలు చెవుల్లాగ పొడుగ్గా కోసి ఒక సర్వోకి అతికించండి. ఇంకో సర్వో అడుగున, తలంతా కుడికీ ఎడమకీ తిప్పడానికి. తల బరువు ఎక్కువైతే ఆ చిన్న మోటరు మూలుగుతుంది, అందుకే సెల్స్ అన్నీ కింద భాగంలో పెట్టండి. ఇంకొకటి, కింద కూర్చున్న పిల్ల కళ్ళ ఎత్తుకి దాని కళ్ళు ఉండాలి, నేను మొదట టేబుల్ మీద పెడితే పైనుంచి తనిఖీ చేస్తున్న హెడ్మాస్టర్ లాగా ఉంది.

వైరింగ్, కోడ్

సర్వోకి మూడు వైర్లు. గోధుమ రంగు గ్రౌండ్, ఎరుపు పవర్, నారింజ సిగ్నల్. తల సర్వో నారింజ వైరు బోర్డు 2 పిన్నుకి, చెవుల సర్వోది 1 పిన్నుకి. ఎరుపు రెండూ డబుల్ ఏ హోల్డర్ ప్లస్‌కి. గోధుమ రెండూ హోల్డర్ మైనస్‌కి, అక్కణ్ణుంచి ఇంకో వైరు బోర్డు మీద జీఎన్‌డీ అని ఉన్న గ్రౌండ్ పిన్నుకి. ఈ చివరి వైరు మర్చిపోతే సర్వో పిచ్చిపట్టినట్టు వణుకుతుంది, నేను ఒక శనివారం సాయంత్రమంతా దానికే పోగొట్టుకున్నా. సర్వోకి పవర్ బోర్డు 3 వోల్ట్ పిన్నునుంచి ఇవ్వొద్దు, తల తిప్పినప్పుడల్లా బోర్డు ఆగి మళ్ళీ మొదలవుతుంది, పిల్ల ముందు డబ్బాగాడికి మూర్ఛ వచ్చినట్టుంటుంది.

కోడ్ మేక్‌కోడ్ అనే సైట్‌లో, బ్రౌజర్లోనే, బ్లాకులు జరపడమే. రెండు బోర్డుల్లోనూ రేడియో గ్రూప్ ఒకే నంబరు పెట్టండి, 0 నుంచి 255 దాకా ఏదైనా. 1 పెట్టకండి, అందరూ అదే పెడతారు, పక్కన ఇంకో పిల్లాడి మైక్రోబిట్ ఉంటే వాడు బటన్ నొక్కితే మీ రోబో తల తిప్పుతుంది. మీ చేతిలో ఉండే బోర్డు రిమోట్. ఎ బటన్ నొక్కితే 1 పంపాలి, బి నొక్కితే 2, రెండూ కలిపి నొక్కితే 3, లోగో ముట్టుకుంటే 4, ఊపితే 5. అవతలి బోర్డు ఆ నంబరు అందుకుని చేయాల్సినవి ఇవి: 1 అంటే ఎడమకి చూడు, 2 అంటే కుడికి చూడు, 3 సంతోషం, 4 అయోమయం, 5 నిద్ర. అయిదే. కోపం వద్దు, ఏడుపు మొహం అసలొద్దు, ఎందుకో కింద చెప్తా.

సంతోషానికి హ్యాపీ ఐకాన్, చెవులు పైకి, గిగిల్ సౌండ్. అయోమయానికి కన్‌ఫ్యూజ్డ్ ఐకాన్, చెవులు కాస్త కిందకి, మిస్టీరియస్ సౌండ్. నిద్రకి అస్లీప్ ఐకాన్, చెవులు పూర్తిగా వాలిపోవాలి, యాన్ సౌండ్, అంటే ఆవలింత. ఇవన్నీ వీ2లో ముందే ఉన్న శబ్దాలు, ఏ భాషా కాదు, అదే మంచిది. తెలుగు మాట్లాడిద్దామని నేను ఫోన్‌లో వాయిస్ పెట్టి చూశా, ఆ ఉచ్చారణ విని పాప కూడా అలాగే పలకడం మొదలెట్టింది, వెంటనే తీసేశా.

ఇక్కడ చిన్న చిన్న కిటుకులు మూడున్నాయి, బొమ్మకి ప్రాణం వచ్చేది వీటితోనే. సర్వోకి నేరుగా కోణం ఇస్తే కొట్టినట్టు తిరుగుతుంది, పిల్లలు జడుసుకుంటారు, అందుకని లూప్ పెట్టి రెండేసి డిగ్రీలు జరుపుతూ మధ్యలో 20 మిల్లీసెకన్లు ఆపండి, తల మెల్లగా తిరుగుతుంది. రెండోది, షో ఐకాన్ బ్లాక్ తనంతట తాను అర సెకను పైన ఆగుతుంది, కాబట్టి చెవుల బ్లాక్ దాని ముందు పెట్టండి, లేకపోతే మొహం నవ్వేశాక ఎప్పటికో చెవులు లేస్తాయి, ట్యూబ్‌లైట్ లాగ. మూడోది కళ్ళు ఆర్పడం. ఫరెవర్ లూపులో రెండు నుంచి అయిదు సెకన్ల మధ్య ఏదో ఒక టైం ఆగి, అన్‌ప్లాట్‌తో కళ్ళ చుక్కలు రెండూ ఆర్పి, 150 మిల్లీసెకన్ల తర్వాత ప్లాట్‌తో వెలిగించండి. అయితే రోబో నవ్వుతున్నప్పుడో నిద్రపోతున్నప్పుడో ఇది మధ్యలో దూరకూడదు, అందుకే మూడ్ అని ఒక వేరియబుల్ పెట్టి, మామూలుగా ఉన్నప్పుడు 0, మొహం మార్చినప్పుడు 1 చేసి, అది 0 ఉంటేనే ఆర్పమనండి, ఆ చెకింగ్ కూడా ఆగడానికి ముందు కాదు, ఆగిన తర్వాత పెట్టాలి. కళ్ళార్పడం పెట్టిన రోజు మా అమ్మ వంటింట్లోంచి వచ్చి "ఇదేంటిరా నన్నే చూస్తోంది" అంది, అంతకుముందు వారం అంతా దాన్ని చెత్తబుట్టలో వెయ్యమన్న మనిషి.

కూర్చోబెట్టడం

రెండు కార్డులు తీసుకోండి, ఒకదాని మీద వ, ఇంకోదాని మీద మ. రోబోకి అటొకటి ఇటొకటి పెట్టి పిల్ల చేత అడిగించండి, "డబ్బాగా, మ ఏది?" మీరు కొంచెం వెనగ్గా, రిమోట్ దుప్పటి కింద. వెంటనే నొక్కొద్దు. ముందు ఒకవైపు చూడాలి, తర్వాత రెండో వైపు, మళ్ళీ మొదటి దానికి రావాలి, అప్పుడు ఆగాలి. ఆ రెండు మూడు సెకన్లలో పిల్ల ఊపిరి బిగబట్టి చూస్తుంది చూడండి, ఆ టైంలో తను కూడా మనసులో జవాబు వెతుక్కుంటోంది, మీకు కావాల్సింది అదే.

అయిదుసార్లలో రెండుసార్లు రోబో తప్పు చెప్పాలి, అదీ మీ పిల్ల ఎక్కడ తడబడుతుందో అక్కడే. తప్పు కార్డు వైపు చూశాక చెయ్యి తీసేయండి, ఏం నొక్కొద్దు, పిల్ల కనిపెట్టేదాకా ఆగండి. "కాదు, ఇది వ, చూడు దీనికి ఈ తోక లేదు" అని వేలుపెట్టి చూపించినప్పుడు లోగో ముట్టుకోండి, అయోమయం, తర్వాత తల సరైన కార్డు వైపు, తర్వాత సంతోషం. ఈ వరస మార్చొద్దు. ఆ "తోక లేదు" అన్న మాట నేను నెలరోజులు చెప్పినా ఎక్కలేదు, డబ్బాగాడికి చెప్పాల్సి వచ్చేసరికి తనే వెతికి పట్టుకుంది.

అదే తప్పు మర్నాడు కూడా చేయించండి. మూడో రోజు సరిచేయండి. ఒక్కసారి చెప్పగానే నేర్చేసుకుంటే పిల్లకి నమ్మకం కుదరదు, ఎన్నిసార్లు చెప్పినా రాకపోతే "వీడికి బుర్ర లేదు" అని వదిలేస్తుంది. ఏ రోజు ఏ తప్పు చేశాడో ఒక చీటీ మీద రాసుకోండి, పిల్లలకి అంతా గుర్తుంటుంది, మీకే ఉండదు.

పిల్ల నిజంగా తప్పు చెప్తే? ఇక్కడే నేను బాగా దెబ్బతిన్నా. మొదట్లో పాప తప్పు చెప్పినప్పుడల్లా సాడ్ ఐకాన్, చెవులు కిందకి, ఏడుపు సౌండ్ పెట్టా, ముద్దుగా ఉంటుందనుకుని. మూడో రోజు వచ్చేసరికి డబ్బాగాడు గోడవైపు తిరిగి ఉన్నాడు. ఎందుకమ్మా అంటే "నావల్ల ఏడుస్తున్నాడు" అంది. ఆ రాత్రే ఏడుపు తీసేశా. ఇప్పుడు పాప తప్పు చెప్తే రోబో ఆ కార్డు వైపు చూసి, రెండోదాని వైపు చూసి, మళ్ళీ కళ్ళార్పుతుంది అంతే. వాడికి డౌట్ వచ్చినట్టుంటుంది, పాప మళ్ళీ చూసుకుంటుంది. ఆట మానేసి లేచి వెళ్తున్నప్పుడు కూడా బాధపడే మొహం పెట్టొద్దు, ఆవలించి పడుకోవాలి. కొన్న బొమ్మల్లో "అప్పుడే వెళ్ళిపోతున్నావా" అని దీనంగా అడిగేవి ఏవైనా ఉంటే అవి చదువు కోసం కాదు, వాటికి ఇంకాసేపు కావాలి, అంతే.

పది పన్నెండు నిమిషాలు, వారానికి మూడు రోజులు. ఇంకా కావాలని అడుగుతుండగానే రిమోట్ ఊపేయండి. రోజూ పెడితే మోజు తీరిపోతుంది, 2004లోనే అచ్చైన ఒక పరిశోధనలో జపాన్‌లో రోబోవీ అనే రోబోని ఒక స్కూల్లో ఇంగ్లీష్ నేర్పించడానికి రెండు వారాలు పెడితే మొదటి వారం గుంపులు గుంపులుగా వచ్చిన పిల్లలు రెండో వారానికి బాగా పలచబడ్డారు. అందుకని వారానికో చిన్న మార్పు చేస్తుంటా. ఒకసారి చెవులకి రంగు, ఒకసారి జ్వరం వచ్చి పడుకున్నాడని సెలవు, ఒకసారి ఎక్కాలు. ఎక్కాల్లో ఏడెనిమిదులకి ఒక కార్డు మీద 54, ఇంకోదాని మీద 56 పెట్టి అడిగిస్తే మా అక్క కొడుకు నాలుగో తరగతి వాడు కూడా వచ్చి కూర్చున్నాడు.

డల్లాస్‌లో మా చెల్లెలు కూడా ఒకటి చేసుకుంది, వాళ్ళ బాబు తెలుగు అర్థం చేసుకుంటాడు కానీ తాతయ్యతో వీడియో కాల్‌లో నోరు తెరవడు, నవ్వుతారని సిగ్గు. అక్కడ కార్డుల మీద అక్షరాలు కాదు, బొమ్మలు. "గిన్నె ఏది", "చెప్పులు ఏవి" అని వాడే అడగాలి, తెలుగులో అడిగితేనే తల తిరుగుతుంది, ఇంగ్లీష్‌లో అడిగితే అయోమయం. వాడి ఉచ్చారణకి అట్టపెట్టె నవ్వదు కదా.

కొనాలనుకునేవాళ్ళకి

తప్పేం లేదు, ముంబై కంపెనీ మీకో లాంటివి మన దగ్గరే దొరుకుతున్నాయి, కానీ కొనేముందు కొన్ని చూసుకోండి. నెట్ లేకపోతే అది ఏం చేస్తుంది అని అడగండి మొదట. జీబో అని అమెరికాలో ముచ్చటైన రోబో, కంపెనీ మూతపడి 2019లో సర్వర్లు ఆపేస్తున్నామని ఆ రోబో చేతే వీడ్కోలు చెప్పించారు. మాక్సీ అనేది పిల్లల కోసమే చేసింది, 2024 డిసెంబర్‌లో కంపెనీ ఆగిపోతున్నామనగానే ఏడుస్తున్న పిల్లలకి ఏం చెప్పాలో తల్లిదండ్రులకి తెలియలేదు. పిల్ల మనసు పెట్టుకున్న వస్తువు ఎవరి సర్వర్ మీద బతుకుతోందో ముందే తెలియాలి.

తర్వాత కెమెరా, మైకు. రోబో తన మొహంలో భావం చూపించడం వేరు, మన పిల్ల మొహం చదివి "ఈ పాప బోర్ ఫీలవుతోంది" అని రాసుకోవడం వేరు. రెండోది చాలా రోబోలు చేస్తామని గొప్పగా అట్టమీద వేసుకుంటున్నాయి. యూరప్‌లో 2025 ఫిబ్రవరి నుంచి స్కూళ్ళలో అలా భావాలు కనిపెట్టే ఏఐని వైద్యం, భద్రత అవసరాలకి తప్ప నిషేధించారు. జర్మనీ అయితే 2017లోనే కైలా అనే మాట్లాడే బొమ్మని నిషేధించి ఇంట్లో ఉంటే పాడుచేసేయమంది. మన 2023 డేటా చట్టంలో 18 ఏళ్ళ లోపు వాళ్ళ డేటాకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని రాసుంది, కాబట్టి యాప్‌లో టిక్కు పెట్టేముందు వాయిస్ ఎక్కడ దాస్తున్నారు, చెరిపే ఆప్షన్ ఉందా చూడండి. లేకపోతే వెనక్కిచ్చేయండి.

ఇంకోటి, అక్షరాలు పదాలే నేర్పాలంటే ఖరీదైన రోబో అక్కర్లేకపోవచ్చు కూడా. నెదర్లాండ్స్‌లో 194 మంది పిల్లలకి నావోతో ఇంగ్లీష్ మాటలు నేర్పి చూశారు, 2019లో ఫలితాలొచ్చాయి, రోబో ప్లస్ ట్యాబ్లెట్ దగ్గర నేర్చుకున్న వాళ్ళకీ ఒట్టి ట్యాబ్లెట్ వాళ్ళకీ తేడా రాలేదు. అక్కడ రోబో ట్యూటర్ కుర్చీలో ఉంది మరి.

మా ఇంట్లో ఇప్పుడు నెలన్నర అయింది. వ, మ, య అయిపోయాయి, ప ఫ ష నడుస్తున్నాయి. చెవుల సర్వో ఒకసారి పళ్ళు అరిగి మార్చా, అది మామూలే, స్పేర్ ఒకటి తెచ్చి పెట్టుకోండి. పాప వాడకం తగ్గుతోంది అనిపించినప్పుడు రిమోట్ తన చేతికే ఇచ్చేయండి. మొన్న ఆదివారం తమ్ముణ్ణి కూర్చోబెట్టి అ, ఆ కార్డులు పెట్టింది, వాడికి నాలుగేళ్ళు. వాడు "ఆ ఏది" అని అడిగితే రిమోట్ వీపు వెనక పట్టుకుని అ వైపు తిప్పింది, కావాలనే. నేను ఏదో అనబోతే కళ్ళతోనే ఆగమంది. వాడు ఇంకా చూస్తున్నాడు.